గులాబీ, తోలు, సుల్తానా ఓడ

నేను ఒమాన్ దేశంలో మబేలా అనే ఊళ్లో ఉంటున్న తెలుగువాణ్ణి. ఈ పూట ఒక వాసన గురించి మీతో మాట్లాడాలని వచ్చాను. రేడియోలో వాసన పంపడానికి వీల్లేదు కాబట్టి, మాటలతోనే దాన్ని మీ దగ్గరికి తెచ్చే ప్రయత్నం చేస్తాను.

మస్కట్ నుంచి బర్కా వైపు వెళ్లే దారిలో, సీబ్ విలాయత్‌లో, అంటే సీబ్ జిల్లాలో, ఉంది మబేలా. ఒక పక్క గ్యారేజీలు, గోడౌన్లు, చెక్క పని చేసే షెడ్లు. ఇంకో పక్క తెల్లటి ఇళ్లు, మసీదులు, బడులు. పగలంతా ఎండకు నిశ్శబ్దంగా ఉండే వీధులకు మగ్రిబ్ నమాజు అయ్యాక ప్రాణం వస్తుంది. టీ కొట్టు దగ్గర నిలబడితే గోదావరి యాస, కడప యాస, కరీంనగర్ యాస మూడూ వినపడతాయి. అలాంటి ఒక సాయంత్రం, సెలవు మీద ఇంటికి వెళ్తున్న కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చాడు. రాజంపేట వైపు వాడు. "అన్నా, మా నాయనకు మంచి సెంటు ఒకటి ఇప్పించన్నా" అన్నాడు. ఇద్దరం అత్తరు కొట్టుకు వెళ్లాం.

దుకాణదారు పెద్దాయన. గాజు పుల్ల సీసాలో ముంచి, కుర్రాడి మణికట్టు మీద ఒక గీత గీశాడు. రుద్దవద్దని చేత్తో సైగ చేశాడు. రుద్దితే వాసన చెదిరిపోతుందని ఇక్కడివాళ్ల నమ్మకం. మొదట గులాబీ. మన పెళ్లిళ్లలో పన్నీరు బుడ్డి నుంచి మొహం మీద పడే చల్లటి గులాబీ కాదు, కాస్త ముదురుది, తేనె ఊరినట్టుండేది. మేం మాట్లాడుకుంటూ ఉండగానే, పది నిమిషాలకు కాబోలు, గులాబీ మెల్లగా పక్కకు జరిగింది. దాని వెనక నుంచి ఇంకో వాసన లేచింది. కొత్త జీను, కొత్త చెప్పుల జత, పొగ చూరిన దూలం. తోలు వాసన.

కుర్రాడు చెయ్యి ముక్కు దగ్గరే ఉంచుకుని, "మా తాత చెప్పులు కుట్టే కాడ ఉండే వాసన మాదిరి ఉంది గదన్నా!" అన్నాడు.

పెట్టె మీద బంగారు రంగు కిరీటం, పక్కన గుర్రం బొమ్మ ఉన్నాయి. సామ్రాజ్యాల చరిత్ర నుంచి పుట్టిన పరిమళమని రాసి ఉంది. పెట్టె మీద చక్రవర్తులు, కుర్రాడి నోట వాళ్ల తాత! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. గులాబీకీ తోలుకూ ఈ జత ఎక్కడ కుదిరింది, ఎవరు కుదిర్చారు అని ఆలోచిస్తూ పడుకున్నాను. తర్వాత చదివినవి, చూసినవి మీకు చెబుతాను.

సామ్రాజ్యం అన్న మాటను సీసాల మీద చాలా తేలిగ్గా రాస్తారు. ఒమాన్‌లో మాత్రం ఆ మాటకు ఆధారం ఉంది. 1650లో పోర్చుగీసువాళ్లను మస్కట్ నుంచి వెళ్లగొట్టిన దేశమిది. 1806 నుంచి 1856 దాకా ఏలిన సయ్యద్ సయీద్ బిన్ సుల్తాన్ కాలానికి ఒమాన్ ఓడలు తూర్పు ఆఫ్రికా తీరమంతా తిరిగేవి. ఆయన తన కొలువును జాంజిబార్ దీవికే మార్చుకుని అక్కడ లవంగం తోటలు వేయించాడు. నేటి పాకిస్తాన్‌లో ఉన్న గ్వాదర్ రేవు 1958 దాకా ఒమాన్‌దే.

ఆ సయీద్ సుల్తానుకు ఒక ఓడ ఉండేది. పేరు సుల్తానా. 1833లో బొంబాయి మజ్‌గావ్‌లో కట్టించింది, అంటే మన దేశంలో పుట్టిన ఓడ. అదే ఏడాది అమెరికాతో ఆయన స్నేహ ఒప్పందం చేసుకున్నాడు. ఏడేళ్ల తర్వాత ఆ స్నేహం కొద్దీ సుల్తానాను సరుకులతో న్యూయార్కుకు పంపాడు. అహ్మద్ బిన్ నామాన్ అనే అరబ్బు దొర ఆయన తరఫున వెళ్లాడు. జాంజిబార్ వదిలిన 87 రోజులకు, 1840 ఏప్రిల్ 30న, ఓడ న్యూయార్కు రేవు చేరింది. అమెరికాకు వెళ్లిన తొలి అరబ్బు రాయబారిగా ఆయన్ను చెప్పుకుంటారు.

అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌కు సుల్తాను పంపిన కానుకల జాబితా చరిత్రకారులు భద్రంగా ఉంచారు. రెండు అరబ్బు గుర్రాలు, ముత్యాల పెట్టె, కాశ్మీరు శాలువలు, పర్షియా తివాచీ, ఒక కత్తి. వాటితో పాటు ఒక పెట్టె గులాబీ అత్తరు, ఐదు పెద్ద జాడీల పన్నీరు. ఇక అమ్మకానికి తీసుకెళ్లిన సరుకులో ఖర్జూరం, కాఫీ, ఏనుగు దంతాలు, లవంగాలు ఉన్నాయి. వాటి పక్కనే ఉప్పు పట్టించి ఎండబెట్టిన పశువుల తోళ్లు వెయ్యి ఉన్నాయి.

ఈ వెయ్యి తోళ్ల దగ్గర నేను చదవడం ఆపి కాసేపు అలాగే కూర్చున్నాను. ఒకే ఓడ. పైన పెట్టెలో గులాబీ అత్తరు, కింద సరుకు గదిలో వెయ్యి తోళ్లు. మూడు నెలల సముద్రం, తేమ, వేడి. ఆ ఓడలో ఉన్న నావికుల ముక్కులకు ఏ వాసన తగిలి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు. వాళ్లకది సామ్రాజ్య పరిమళం కాదు, రోజూ పీల్చే గాలి.

ఇక తోలు దగ్గరికి వస్తాను.

ఒక సంగతి ముందుగా చెప్పాలి. తోలు సెంటులో తోలు ఉండదు. తోలును బట్టీ పెడితే అత్తరు దిగదు. తోలు వాసన అని మనం అనుకునేది నిజానికి తోలు శుద్ధి చేసినవాళ్ల వాసన. చెట్టు బెరడు, నూనె, పొగ కలిస్తే వచ్చేది. పచ్చితోలు కంపు కొడుతుంది. దాన్ని సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుకలు గీకి, తంగేడు చెక్క, కరక్కాయ వేసిన లందలో రోజుల తరబడి ఊరబెడితే అప్పుడు తోలు అవుతుంది. మన బతుకమ్మకు పసుపు రంగు ఇచ్చే ఆ తంగేడు బెరడే తోలుకు లేత గోధుమరంగు ఇస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఇలా తంగేడు చెక్కతో శుద్ధి చేసిన తోళ్లు ఓడల కొద్దీ ఇంగ్లండు వెళ్లేవి. ఈస్టిండియా తోళ్లని అక్కడి బజారులో వాటికి పేరు. అవి ఏ దొరగారి బూట్లయ్యాయో, ఏ రాణిగారి పుస్తకానికి అట్టలయ్యాయో! వాటిని లందలో తొక్కినవాళ్ల ఇళ్లు మాత్రం ఊరికి బయటే ఉన్నాయి. ఆ వాసన పేరు చెప్పే వాళ్లను దూరం పెట్టారు. ఇవాళ అదే వాసనకు గాజు సీసా, బంగారు మూత, రియాళ్లలో ధర. కుర్రాడు తాత పేరు తలచుకున్నప్పుడు నా గుండె ఎందుకు బరువెక్కిందో శ్రోతలకు వేరే చెప్పనక్కర్లేదు.

ఫ్రాన్సులోనూ కథ తోలు దగ్గరే మొదలైంది. గ్రాస్ అనే ఊరు ఇవాళ ప్రపంచానికి సెంట్ల రాజధాని. ఒకప్పుడు అది తోలు శుద్ధి చేసే ఊరు. అక్కడ కుట్టిన చేతి తొడుగులు కంపు కొట్టేవి కాబట్టి, ధనవంతులు వేసుకోవాలంటే వాటికి గులాబీ, మల్లె వాసన పట్టించేవారు. తొడుగులు కుట్టేవాళ్లే సెంటు చేసేవాళ్లయ్యారు. పదిహేడో శతాబ్దంలో ఆ రెండు పనులూ కలిసి ఒకే వృత్తి సంఘంగా ఉండేవి. కాలం గడిచి తొడుగుల బేరం పడిపోయింది, సెంటు మిగిలింది. గులాబీని మొదట తోలు మీద చల్లింది తోలు వాసన దాచడానికే అన్నమాట. తర్వాత మనిషి ముక్కుకు ఆ రెండింటి కలయికే తీపైంది.

రష్యాలో ఇంకో దారి. అక్కడ తోలుకు భూర్జ చెట్టు బెరడును కాల్చి తీసిన తారు పట్టించేవారు. నీళ్లు పట్టకుండా, పురుగు పట్టకుండా ఉండేది. సైనికుల బూట్లన్నీ ఆ వాసనే. 1786లో రష్యా తోళ్లతో వెళ్తున్న మెట్టా కాథరీనా అనే ఓడ ఇంగ్లండులోని ప్లిమత్ దగ్గర మునిగిపోయింది. 1973లో దాన్ని కనుక్కున్నప్పుడు, దాదాపు రెండు వందల ఏళ్లు సముద్రపు బురదలో ఉన్న ఆ తోళ్లు ఇంకా చెప్పులు కుట్టడానికి పనికొచ్చాయి! భూర్జ తారు చేసిన మేలు అది. ఇప్పటి తోలు సెంట్లలో అదే తారును శుద్ధి చేసి కాస్త వేస్తారు. దానికి తోడు లాబ్డనమ్ అనే చెట్టు బంక, కుంకుమపువ్వు వాసన, ఐసోబ్యూటైల్ క్వినోలిన్ అనే రసాయనం. ఇవన్నీ కలిస్తే మన ముక్కు "ఇది తోలు" అని ఒప్పుకుంటుంది.

ఇక గులాబీ దగ్గరికి. ఇది నేను కళ్లారా చూసింది.

మబేలా నుంచి నిజ్వా రోడ్డు పట్టుకుని, ఇజ్కీ దాటి, బిర్కత్ అల్ మౌజ్ చేరితే అక్కడ పోలీసు చెక్‌పోస్టు ఉంటుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితేనే పైకి పంపుతారు. అక్కడి నుంచి మెలికల ఘాట్ రోడ్డు. కింద నిప్పులు చెరిగే ఎండ, పైన 2,000 మీటర్ల ఎత్తున శాలువా కప్పుకోవాలనిపించే చలి. అదే జబల్ అఖ్దర్, పచ్చని కొండ. అల్ అక్ర్, అల్ ఐన్, అష్ షురైజా అనే పల్లెలు కొండ అంచున వేలాడుతున్నట్టు ఉంటాయి. మెట్లు మెట్లుగా చెక్కిన చిన్న చిన్న మళ్లు, వాటికి రాతి కాలువల్లో నీళ్లు. ఆ కాలువను ఇక్కడ ఫలజ్ అంటారు. దానిమ్మ చెట్ల మధ్య గులాబీ పొదలు. మార్చి చివర పూత మొదలై మే నడిమికి ముగుస్తుంది. ఆ పూవు మన కడియం నర్సరీల్లో దొరికే పెద్ద గులాబీ కాదు. చిన్నది, లేత గులాబీ రంగుది, రేకలు పల్చన. తెంపిన గంటకే వాడిపోయే సుకుమారి. దమస్కు గులాబీ జాతి. పర్షియా నుంచి ఈ కొండ ఎక్కిందని ఇక్కడి పెద్దలు చెప్పుకుంటారు.

తెల్లవారుజామున కోస్తారు. ఎండ ఎక్కితే వాసన గాలిలో కలిసిపోతుంది. నేను వెళ్లిన రోజు ఒక ముసలాయన భుజానికి గుడ్డ జోలె వేలాడదీసుకుని, రెండు వేళ్లతో పూవును తొడిమ దగ్గర పట్టి చిన్నగా విరుస్తున్నాడు. ముల్లు గుచ్చుకున్నా ఆగడు. ఆయన వేళ్ల కొనలన్నీ నల్లగా, బిరుసుగా ఉన్నాయి. ఆ చేతులు చూస్తే తోలు గుర్తొచ్చింది.

బట్టీ ఇంట్లో మట్టి పొయ్యి ఉంటుంది. గోడలో దింపినట్టున్న మట్టి కుండల్లో పూరేకలు నింపుతారు. మధ్యలో ఒక గిన్నె పెడతారు. పైన చన్నీళ్లతో నింపిన గుండ్రటి అడుగున్న రాగి పాత్ర మూతలా కూర్చోబెడతారు. కింద కట్టెల మంట. రేకల నుంచి లేచిన ఆవిరి పైనున్న చల్లటి రాగి అడుగుకు తగిలి, బొట్టు బొట్టుగా మధ్యనున్న గిన్నెలో పడుతుంది. పైనున్న నీళ్లు వేడెక్కినప్పుడల్లా మార్చాలి. గంటల తరబడి ఆ పొగలో కూర్చుని మార్చాలి. నా కళ్లు పది నిమిషాలకే మండాయి. వచ్చిన పన్నీటిని పెద్ద మట్టి జాడీల్లో పోసి, మడ్డి అడుగుకు దిగేదాకా వారాల తరబడి కదపరు.

అలా వచ్చిన పన్నీరు తెల్లగా ఉండదు. లేత గోధుమ రంగు, టీ నీళ్లలా. మూత తీస్తే గులాబీ కంటే ముందు పొగ. తాగితే నాలుక మీద కాలిన కట్టె రుచి, దాని వెనక పూవు. ఒమానీ హల్వాలో, కాఫీలో వేసేది ఇదే. ఇప్పుడు గ్యాసు పొయ్యిల మీద కొత్త పాత్రల్లో తీసే పన్నీరు నీళ్లలా తేటగా ఉంటుంది, అందరికీ నచ్చుతుంది. నాకు మాత్రం పాతదే గొప్పగా అనిపించింది. ఎందుకంటే అందులో నేను మబేలా కొట్టులో పీల్చిన జత ఉంది. భూర్జ తారు ఇచ్చేది పొగే, ఈ మట్టి పొయ్యి ఇచ్చేదీ పొగే. తోలుకూ గులాబీకీ చుట్టరికం కలిపింది ఆ పొగ. సెంటు కంపెనీ వాళ్లు కలపకముందే ఈ కొండ మీది పల్లెవాళ్ల పొయ్యిలో ఆ రెండూ కలిసే ఉన్నాయి.

ఇక్కడ ఒక చిన్న శాస్త్రం మాట. గులాబీ వాసనలో ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అనే పదార్థం ఎక్కువ. అది నీళ్లలో కరుగుతుంది. అందుకే పన్నీటిలో తాజా పూవు వాసన నిలుస్తుంది, అత్తరు నూనెలో అది తగ్గి, సిట్రొనెలాల్, జెరానియాల్ వంటివి ముందుకొస్తాయి. ఒక్క కిలో గులాబీ నూనెకు సుమారు 3,500 నుంచి 4,000 కిలోల పూలు కావాలి. అన్ని పూలనూ ఒక్కొక్కటిగా చేతితోనే కోయాలి.

ఈ గులాబీ నూనెకు మొగలాయిల కథ ఒకటి ఉంది. దాన్ని కనిపెట్టింది తన అత్తగారు, అంటే నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం అని జహంగీరు తన ఆత్మకథలో రాసుకున్నాడు. పన్నీరు తీస్తుండగా పాత్రల మీద తేలిన నురగను ఆమె కొద్దికొద్దిగా పోగుచేసిందట. అక్బరు భార్య సలీమా సుల్తాన్ బేగం దానికి ఇత్రె జహంగీరీ అని పేరు పెట్టింది. పేరు చక్రవర్తిదైంది, కనిపెట్టిన కళ్లు మాత్రం ఒక అమ్మవి.

ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజులో ఇప్పటికీ రాగి డేగిశాల్లో అత్తరు తీస్తారు. వెదురు గొట్టం గుండా ఆవిరి వచ్చి, చందన తైలం పోసిన ఇంకో పాత్రలోకి దిగుతుంది. నన్ను కట్టిపడేసింది మాత్రం తర్వాతి సంగతి. దిగిన అత్తరులో ఇంకా కొంత తడి మిగిలి ఉంటుంది. దాన్ని తీయడానికి అత్తరును తోలు బుడ్డిలో పోస్తారు. దాని పేరు కుప్పి. ఒంటె తోలుతోనో, గొడ్డు తోలుతోనో చేస్తారు. తోలుకు ఊపిరాడే సందులుంటాయి కదా, వాటి గుండా నీటి తడి బయటికి పోతుంది. నూనె లోపలే నిలుస్తుంది, నిలిచి ముదురుతుంది. గాజులో పోస్తే ఆ పని జరగదు. గులాబీ సంపూర్ణ గులాబీ కావాలంటే కొన్నాళ్లు తోలులో నివసించాలి! మబేలా కొట్టులో పెట్టె మీద రాయాల్సింది కిరీటం గురించి కాదు, ఈ కుప్పి గురించి అని నాకు అనిపించింది.

మన తెలుగు నేలకు ఈ కథలో ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. నేను పుట్టింది చీరాల ప్రాంతం. చిన్నప్పుడు వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పుస్తకాలు తిరగేయడం అలవాటు. మా ఊరికి కాస్త దూరంలోనే మోటుపల్లి ఉంది. ఇవాళ ఇసుక, సరుగుడు తోటలు, వీరభద్రస్వామి గుడి. ఒకప్పుడు కాకతీయుల ఓడరేవు. సముద్ర వర్తకులకు అభయమిస్తూ గణపతిదేవుడు 1244–45లో వేయించిన శాసనం ఆ గుడిలో ఉంది. తుపానుకు గట్టుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును అంతకుముందు రాజులు లాక్కునేవారట. తాను అలా చేయననీ, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాననీ ఆయన మాట ఇచ్చాడు. ఆ సుంకాల పట్టికలో చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, జవ్వాజి, పట్టు, మిరియాలు ఉన్నాయి. పన్నీరు కూడా ఉంది.

దాదాపు 780 ఏళ్ల కిందట, మా ఊరి పక్క రేవులో, పన్నీటి సీసాలకు సుంకం కట్టించుకున్నారు. ఆ శాసనం వేసిన అర్ధశతాబ్దానికి మార్కో పోలో తన యాత్రా గ్రంథంలో మోటుపల్లిని వర్ణించాడు. అదే గ్రంథంలో ఒమాన్ తీరంలోని ఖల్హాత్ రేవునూ వర్ణించాడు. అక్కడి నుంచి భారతదేశానికి మేలుజాతి గుర్రాలు పోతాయని రాశాడు.

గుర్రాలు వచ్చాయంటే జీనులు, కళ్లేలు, వారులు, తోలు వచ్చినట్టే. విజయనగర రాజులు ఆ గుర్రాల కోసం ఎంత తపించారో తెలుగువాళ్లకు తెలియనిది కాదు. ఏటా 13,000 గుర్రాలు కొనేవారని పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ రాశాడు. సాళువ నరసింహరాయల కాలంలో దారిలో చచ్చిన గుర్రానికి కూడా డబ్బు ఇచ్చేవారట, తోక తెచ్చి చూపిస్తే చాలు. రేవులను బాగుచేసి గుర్రాలు, ఏనుగులు, రత్నాలు, చందనం తెచ్చే వర్తకులను ఆదరించాలని కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదలో రాజనీతిగా చెప్పాడు.

అదే విజయనగరంలో గులాబీ. 1442లో హెరాత్ నుంచి బయలుదేరిన పర్షియా రాయబారి అబ్దుర్ రజాక్, హోర్ముజ్ మీదుగా వస్తూ గాలి తప్పిపోయి మస్కట్‌లో చిక్కుకున్నాడు. ఇక్కడి ఎండకు తాళలేక జబ్బుపడ్డాడు. చివరికి 1443లో విజయనగరం చేరాడు. అక్కడ గులాబీలు ఎక్కడ చూసినా అమ్ముతున్నారని, అక్కడి జనానికి అన్నం ఎంత అవసరమో గులాబీ అంత అవసరమని రాశాడు. మస్కట్ ఎండలో మాడి వచ్చిన మనిషి మన బజారులో గులాబీ చూసి అలా రాశాడంటే చదువుతున్న నాకు కళ్లు చెమర్చాయి. ఒక వీధిలో అరబ్బు గుర్రాల తోలు జీనులు, పక్క వీధిలో గులాబీల బుట్టలు. ఆ నగరం ఎలా గుబాళించి ఉంటుందో చెప్పడానికి వేరే సెంటు అక్కర్లేదు.

మళ్లీ ఇప్పటి ఒమాన్‌కు వద్దాం. ఈ దేశం తన పరిమళాన్ని తిరిగి తన పేరుతో ప్రపంచానికి అమ్మడం మొదలుపెట్టింది 1983లో. సుల్తాన్ ఖాబూస్ కోరిక మీద సయ్యద్ హమద్ బిన్ హమూద్ అమువాజ్ అనే సంస్థను స్థాపించాడు. మొదటి సెంటును ఫ్రాన్సుకు చెందిన గై రాబర్ట్ తయారుచేశాడు. ధోఫార్ సాంబ్రాణి, జబల్ అఖ్దర్ గులాబీ అని ఇక్కడివాళ్లు గర్వంగా చెప్పుకునే దినుసుల చుట్టూ అల్లిన పరిమళమది. మగవాళ్ల సీసా మూత ఖంజర్ అనే బాకు పిడిలా ఉంటుంది. ఆ సంస్థ కర్మాగారం మా సీబ్ విలాయత్‌లోనే ఉంది, వెళ్లి చూడొచ్చు. సీసాల మీద నాకు పెద్ద మోజు లేదు. కానీ ఒక చిన్న దేశం తన కొండ పూవును తన పేరుతోనే అమ్ముకోవడం నాకు నచ్చింది. మన తంగేడు తోలుకు, మన కడియం పూలకు ఆ గౌరవం ఎప్పుడొస్తుందా అని ఆలోచిస్తుంటాను.

మబేలాలో నా పక్కింటి ఒమానీ పెద్దమనిషి రోజూ తెల్లటి దిశ్‌దాషా అనే అంగీ తొడుక్కుంటాడు. మెడ దగ్గర దానికి ఒక చిన్న దారపు కుచ్చు వేలాడుతుంది. ఫరాఖా అంటారు. ఇంటి నుంచి బయలుదేరే ముందు ఆ కుచ్చును అత్తరులో ముంచుకుంటాడు. ఆ కుచ్చు నడిచినప్పుడల్లా కదిలి వాసన విసురుతుంది. హైదరాబాదు చార్మినార్ దగ్గర అత్తరు కొట్టువాళ్లు దూది పింజకు అత్తరు అద్ది చెవి మడతలో పెట్టడం మీలో చాలామంది చూసే ఉంటారు. అదీ ఇదీ ఒకే అలవాటు.

ఇంకో అలవాటు మాత్రం మనకు తలకిందులు. మనం పన్నీరు చల్లేది గడప దగ్గర, అతిథి లోపలికి వచ్చేటప్పుడు. ఇక్కడ విందు అయ్యాక చేతుల మీద పన్నీరు చల్లి, ధూపం తిప్పుతారు. ధూపం తిరిగాక కూర్చోవడం లేదని అరబ్బుల సామెత. అంటే ఇక సెలవు తీసుకోవచ్చని మర్యాదగా చెప్పడం. తాంబూలం ఇచ్చి సాగనంపే మనకు ఈ మర్యాద వెంటనే అర్థమవుతుంది.

ఆ రోజు కుర్రాడు ఆ గులాబీ తోలు అత్తరే కొన్నాడు, ఒక తులం. "నాయనకు చెప్తాలే, ఇది తాత వాసన అని" అన్నాడు. దుకాణదారుకు తెలుగు రాదు. అయినా కుర్రాడి మొహం చూసి ఏదో అర్థమైనట్టు తల ఊపి, సీసాను దూదిలో చుట్టి ఇచ్చాడు.

ఒమాన్‌లో ఉన్న తెలుగు అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక మాట చెప్పి ముగిస్తాను. ఇంటికి వెళ్లేటప్పుడు విమానాశ్రయంలో మెరిసే పెట్టెలు కొనండి, తప్పులేదు. కానీ మార్చి చివరి వారంలో ఒక శుక్రవారం ఫోర్ వీల్ బండి ఉన్న స్నేహితుణ్ణి బతిమాలి జబల్ అఖ్దర్ ఎక్కండి. తెల్లారేసరికి తోటలో ఉండేట్టు బయలుదేరండి. పూలు కోసేవాళ్లకు సలాం చెప్పండి. మట్టి పొయ్యి మీద తీసిన, గోధుమ రంగు పన్నీరే అడిగి కొనండి. దాన్ని మీ అమ్మ చేతికి ఇచ్చి, అటక మీద ఉన్న పాత పన్నీరు బుడ్డిని దింపించండి. మే నెల దాటితే మళ్లీ ఏడాది దాకా ఆ పూవు లేదు.